తల్లిరొయ్య కన్ను

సుభద్రమ్మను తలుచుకుంటే నాకు ముందు కోపమే వస్తుంది. ఆవిడ మీద కాదు. మా మేనేజరు రమేష్‌బాబు మీద, అంతకంటే ఎక్కువగా నా మీద.

కళింగపట్నం దగ్గర రొయ్యపిల్లల హేచరీ అది. 2016లో ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ జువాలజీ ముగించి అక్కడ టెక్నీషియన్‌గా చేరాను. సుభద్రమ్మ అప్పటికి ఎనిమిదేళ్లుగా తల్లిరొయ్యల కన్ను తీసే పని చేస్తోంది. రొయ్య కన్ను ఒక కాడ చివర ఉంటుంది. గుడ్లు పెరగకుండా ఆపే గ్రంథి ఆ కాడలోనే ఉంది. అందుకని ఒక కన్ను కాడతో సహా తీసేస్తే గుడ్లు త్వరగా పండుతాయి. నేనిది చదివి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నాను. ఆవిడ బడి మొహం చూడలేదు, అంతకుముందు ఒడ్డున చేపలు ఎండబెట్టుకునేది.

తడిచేత్తో రొయ్యను పట్టుకుని ముందు బొటనవేలితో వీపు నొక్కేది. కుబుసం విడిచిన రొయ్య పెంకు రెండు మూడు రోజులు తడి కాగితంలా ఉంటుంది. లోపల ఎముకల్లేని ప్రాణికి ఆ పెంకే ఆధారం. అది గట్టిపడకుండా కన్ను తీస్తే బతకడం కష్టం. అలాంటిది చేతికి తగిలితే, "దీన్నొగ్గీ బాబూ, ఇది పచ్చి బాలింత" అని నీళ్లలో వదిలేసేది.

ఒకరోజు ఆర్డరు తొందర ఉందని రమేష్‌బాబు ట్యాంకు మొత్తానికి కన్ను తీసెయ్యమన్నాడు. అందులో సగం అంతకుముందు రోజే కుబుసం విడిచాయి.

"నాను కొయ్యను. సచ్చిపోతాయి" అంది సుభద్రమ్మ.

"నువ్వేటి డాక్టరువా?" అని రమేష్‌బాబు నా వైపు తిరిగాడు. "నువ్వు కానీరా, సదూకున్నోడివి కదా."

కానిచ్చాను. ఎమ్మెస్సీ వెలగబెట్టిన వెధవని, ఒక్కదాన్నయినా నొక్కి చూడలేదు. మూడోనాటికి అరవై తల్లిరొయ్యలు ట్యాంకు అడుగున పక్కకు ఒరిగి పడున్నాయి.

యజమాని గణపతిరావు వచ్చాడు. "సుభద్రమ్మ సరిగ్గా తియ్యలేదు సార్" అన్నాడు రమేష్‌బాబు, నదురూ బెదురూ లేకుండా.

ఆవిడ చచ్చిన రొయ్యనొకదాన్ని తెచ్చి గణపతిరావు చేతిలో పెట్టింది. "నొక్కి సూడండి బాబూ, పెంకెలాగున్నాదో. ఇలాటిదాన్ని నాను ముట్టుకుంతానేటి? ఎవులు కోసినారో ఈ పిల్లోడ్ని అడగండి."

ఆయన నన్ను అడిగాడు. నేను చేరి నాలుగు నెలలు. రమేష్‌బాబు నన్నే చూస్తున్నాడు.

"నాకు తెలీదు సార్" అన్నాను. ఛీ, నా నోరు పడిపోను.

ఆ పూటే ఆవిణ్ణి పనిలోంచి తీసేశారు. గేటు దాకా వెంటపడి, "పిన్నీ, తప్పయిపోనాది" అన్నాను. నాలుగు తిట్టినా బాగుండేది.

"నాకు సెప్తే ఏటొస్తాది? ఆయనకి సెప్పాల. రేపట్నుంచి కోసీది నువ్వే కదా, ఒక్కోదాన్నీ నొక్కి సూసి మరీ కోయి" అని వెళ్లిపోయింది.

అలాగే చేశాను. ఆ ఏడాదంతా పెద్దగా నష్టం లేదు. సంవత్సరం తిరిగేసరికి గణపతిరావు అందరి ముందూ నా భుజం తట్టి, "మంచి సెయ్యిరా నీది. ఆ సుభద్రమ్మ ఉన్నప్పుడు ఎన్ని సంపీసిందో" అన్నాడు.

నేను అప్పుడు కూడా నోరు విప్పలేదు.