నీలం నీళ్ళ సీసా

తొంభైల మొదట్లో అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో, గోల్ ఘర్ అనే పేటలో మా కళ్ళద్దాల దుకాణం ఉండేది. నేను ఆప్టోమెట్రిస్టుని, అంటే చూపు పరీక్షించి అద్దాలకు నంబరు రాసే మనిషిని. కాంటాక్ట్ లెన్సు కావాలని వచ్చేవాళ్ళు అప్పట్లో బహు తక్కువ. లెన్సైనా, దాన్ని కడిగి నానబెట్టే సొల్యూషన్ సీసా అయినా మద్రాసు ఓడ మీద రావలసిందే.

సింహాచలం చేపలు పట్టేవాడు. వాళ్ళ పెద్దలది శ్రీకాకుళం తీరం. ఆయన కూతురు పార్వతికి పంతొమ్మిదేళ్ళు. ఆమెకు కెరటోకోనస్. కంటి ముందుండే కార్నియా అనే పారదర్శకమైన పొర పలచబడి ముందుకు పొడుచుకొస్తుంది. బాగా ముదిరాక కళ్ళద్దాలు పనిచేయవు, గట్టి లెన్సే గతి. తాత దగ్గర అక్షరాలు దిద్దిన పార్వతి తప్ప వాళ్ళ వీధిలో తెలుగు చదివేవాళ్ళు లేరు. తక్కిన పిల్లలవన్నీ హిందీ చదువులు. ఊరి నుంచి ఎవరికి ఉత్తరం వచ్చినా ఆమె గడప తొక్కాల్సిందే.

లెన్సులు పెట్టిన రోజు చార్టు చివరి వరుస దాకా చదివేసింది. "దీదీ, ఇంక ఉత్తరం ముక్కుకి ఆనించుకోనక్కర్నేదు" అని నవ్వింది.

సీసాలో ఏముందని సింహాచలం అడిగాడు. దుకాణం నిండా జనం. విడమరిచి చెప్పే ఓపిక లేక, "ఉప్పునీళ్ళే బాబాయ్, శుభ్రమైనవి" అనేశాను. ఆ పూట నా నోరు పడిపోయినా బాగుండేది.

వానాకాలంలో తుపాను పట్టి ఓడ ఆగిపోయింది, సొల్యూషన్ సీసాలూ రాలేదు. కొన్ని వారాల తర్వాత పార్వతి ఎర్రటి కళ్ళతో, వెలుతురు చూడలేక ముఖం మీదికి చున్నీ లాక్కుని వచ్చింది. లెన్సులు దేంట్లో నానబెట్టావని అడిగాను. వెంట వచ్చిన తండ్రి సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"గట్టు కాడ పట్టనేదమ్మా, అక్కడ మురికి. పడవేసుకుని దూరం ఎల్లి నీలం నీల్లల్లో పట్టినాను. గుడ్డేసి వడగట్టినాను. బిల్‌కుల్ సాఫ్."

కాలికి దెబ్బ తగిలినా, కన్ను ఎర్రబడినా సముద్రపు నీళ్ళతో కడుక్కునే ఇళ్ళు వాళ్ళవి. కానీ ఆ నీళ్ళలో కనిపించని క్రిములుంటాయి. లెన్సు కింద చేరితే కార్నియాని తినేస్తాయి. ఇక్కడి డాక్టరు మద్రాసుకు పంపారు. అప్పటికే ఆలస్యమైంది. రెండు కళ్ళూ తెల్లగా మచ్చ కట్టాయి. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే.

ఆ తర్వాత లెన్సు రాసిన ప్రతి మనిషినీ, "ఈ సీసా అయిపోయి, ఓడ రాకపోతే ఏం చేస్తారు?" అని అడిగేదాన్ని. తీసి పక్కన పెట్టేస్తామని వాళ్ళ నోటితో అనేదాకా కదలనిచ్చేదాన్ని కాదు. కొందరు విసుక్కున్నారు కూడా.

ఆ వీధి ఉత్తరాలు నా దుకాణానికి రావడం మొదలైంది. తెచ్చేది సింహాచలమే. ఒకసారి చదివించుకుని లేస్తూ అడిగాడు.

"ఇంకా దూరం ఎల్లి పట్టుంటే బాగుణ్ణేమో కదమ్మా?"

తప్పు నీళ్ళది కాదు, నా మాటది. అది ఆయనకు చెప్పే ధైర్యం నాకు ఏనాడూ రాలేదు.