అక్క కథలో ఒక దీర్ఘం

ఈ రోజు పొద్దున షట్టరు ఎత్తి, జిరాక్సు మిషను వేడెక్కేలోపు చాయ్ తాగుదామని కూర్చుంటే ఫోనుకు ఒక కథల సైటు నుంచి సందేశం వచ్చింది. "మీ కథ చాలాకాలంగా ముందుకు సాగలేదు. దాని సంగతి ఏమిటో తెలియజేయండి" అని రాసి, కింద మూడు మీటలు ఇచ్చారు. కొనసాగుతోంది, ముగిసింది, ఆగిపోయింది. ఏదీ నొక్కకపోతే కథను వాళ్లే ఆగిపోయినవాటి అరలోకి నెట్టేస్తారట. ఆ అరలో చేరిన కథ కింద ఇక ఎవరూ ఒక్క ముక్క కూడా రాయడానికి ఉండదట. మేడ్చల్‌లో మండలాఫీసు పక్క సందులో, తల నల్లగా ఉన్నప్పటి నుంచి టైపు కొట్టి బతుకుతున్నవాణ్ణి నేను. దరఖాస్తులు, పెళ్లిపత్రికలు, దశదిన కర్మ కార్డులు, అన్నీ ఈ వేళ్ల కిందనుంచి వెళ్లినవే. ఏ మీట ఎప్పుడు నొక్కాలో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా ఈ మూడు మీటల ముందు చాయ్ చల్లారిపోయేదాకా బొమ్మలా కూర్చున్నాను. ఎందుకంటే ఆ కథ నాది కాదు, మా అక్కది.

మా అక్కను లాల్‌గడి మలక్‌పేటకు ఇచ్చారు. ఒకప్పుడు బావకు అక్కడ ద్రాక్షతోట ఉండేది. ఇప్పుడు తోట ఉన్నచోట ప్లాట్ల హద్దురాళ్లు ఉన్నాయి, ఆ రాళ్ల మధ్య మేకలు మేస్తుంటాయి. తోట పనులు పోయాక అక్కకు సాయంత్రాలు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీలోకి ఒక సీరియల్ వచ్చి కాళ్లు బార్లా చాపుకొని కూర్చుంది. ఏ సీరియలో చెప్పను. పెద్ద బంగళా, పట్టుచీర కట్టుకొనే నిద్రపోయే అత్తగారు, ముగ్గురు కోడళ్లు అంటే చాలు, మీ ఇంట్లో నడిచేదీ అదే అనుకుంటారు. అందులో చిన్నకోడలంటే అక్కకు ప్రాణం. అలాంటిది, ఒక సాయంత్రం ఆ చిన్నకోడలిని లారీ గుద్దేసింది. మరునాటికల్లా గోడ మీద ఫోటో, ఫోటోకు దండ. ఆ నటికీ సీరియల్ తీసేవాళ్లకీ ఏదో చెడిందని మా దుకాణానికి వచ్చేవాళ్లు కూడా చెప్పుకున్నారు. అక్కకు అవేమీ పట్టలేదు. అన్నం పళ్లెం పక్కకు జరిపి నాకు ఫోను చేసింది.

"తమ్మీ, శవాన్ని సూపెట్టిండ్రా? లేదు గదా! ఉత్త ఫోటోకు దండేస్తే సచ్చిపోయినట్టేనా?"

వెనకనుంచి బావ గొంతు వినిపించింది. "ఇగ దీనికి తిండి సయించదు. నువ్వన్నా వచ్చి జెర సముదాయించు." రోజూ పేపరు అడ్డం పెట్టుకొని అదే సీరియల్ చూసే మనిషి ఆయన. ఆ రోజు ఆయన కూడా సరిగ్గా తినలేదని తర్వాత తెలిసింది.

సముదాయించింది నేను కాదు, అక్క కోడలు. ఆ అమ్మాయి శామీర్‌పేట దగ్గర మందుల కంపెనీలో పనిచేస్తుంది. కంపెనీ బస్సులో పోతూ వస్తూ ఫోనులో కథలు చదవడం ఆమెకు అలవాటు. మనకు నచ్చిన సీరియల్‌నో సినిమానో పట్టుకొని, అందులోని మనుషులతోనే మన కథ మనం అల్లుకునే చోటు ఒకటుందట. దాన్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారట. చచ్చిపోయినవాళ్లను బతికించినవాళ్లు, విడిపోయినవాళ్లకు పెళ్లి చేసినవాళ్లు అక్కడ బోలెడంతమంది. "అత్తమ్మా, వాళ్ల కథ మీకు నచ్చలేదు గదా, మీరే ఇంకోటి చెప్పుండ్రి" అంది కోడలు. అక్క చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది. కూడబలుక్కుని చదవగలదు గానీ రాయమంటే చెయ్యి రాదు. కోడలు ఫోనులో మైకు బొమ్మ చూపించి, దీని మీద వేలు పెట్టి మాట్లాడితే అదే రాసుకుంటుందని నేర్పింది. రాసినదాన్ని ఆదివారం నేను వచ్చి సరిచేసి పెట్టాలి. ఇంట్లో టైపిస్టు ఉండగా బయటివాళ్లెందుకని బావ తీర్పు.

ఆ ఫోనుకు వచ్చిన తెలుగు ఎవరి ఇంట్లో నేర్చుకుందో గానీ, మా అక్క నోట్లోది మాత్రం కాదు. అక్క "సల్ల పోసుకొని బువ్వ తిన్నది" అంటే, మజ్జిగ అన్న సంగతి దానికి తెలియక "సెల్లు పోసుకొని బువ్వ తిన్నది" అని రాసింది. "గా పొల్ల ఏడ్సింది" అని, అంటే ఆ పిల్ల ఏడ్చిందని, అక్క కడుపు తరుక్కుపోయేలా చెబితే "గోపాల ఏడ్చింది" అని రాసుకుంది. నేను ఆదివారాలు కూర్చొని ఇవన్నీ దిద్ది, శుభ్రమైన పుస్తకాల భాషలో పెట్టేవాణ్ణి. చదివినవాళ్లు బాగుందని రెండు మాటలు రాసి పోయేవాళ్లు. పెళ్లిళ్ల రోజుల్లో ఒకసారి నాకు పత్రికల పనితో ఊపిరాడక వెళ్లలేకపోతే, కోడలు ఫోను రాసింది రాసినట్టే పెట్టేసింది. ఇక చూడండి, కింద జాతర. గోదావరి వైపు నుంచి కుంకుడుకాయ అనే పేరు పెట్టుకున్న ఒకామె, "సెల్లు పోసుకుని అన్నం తినడమంటే ఏమిటండీ, మీ వైపు వంటకమా?" అని అడిగింది. సైడ్ లోయర్ అనే ఇంకొకాయన, ఎప్పుడూ రైళ్లలోనే ఉంటాడు కాబోలు, అది సల్ల అయి ఉంటుందని విడగొట్టి చెప్పాడు. అప్పటినుంచి వాళ్లకు అదో ఆట. ఫోను ఏం రాసింది, అక్క ఏం అని ఉంటుంది అని కథ కింద కూర్చొని తవ్వుకునేవాళ్లు. నన్ను మాత్రం దయచేసి దిద్దవద్దని బతిమాలారు. ఇన్నేళ్ల టైపింగులో తప్పులు ఉంచమని నన్ను అడిగినవాళ్లు వాళ్లే.

గోపాల సంగతి మాత్రం ఎవరికీ తెగలేదు. గోపాల అని మగపేరు, ఏడ్చింది అని ఆడమాట, మరి ఎవరిది? దూడ అయి ఉంటుందని చివరికి వాళ్లే తేల్చుకున్నారు. ఆదివారం ఈ గొడవ చదివి వినిపిస్తే అక్క పడీపడీ నవ్వింది. "ఉండనియ్యి తమ్మీ. దూడ మనదేం తింటది, మనదేం తాగుతది" అంది. ఆ వారం నుంచి కథలో గోపాల అని ఒక బర్రెదూడ పుట్టింది. చిన్నకోడలు ఎటు పోతే అటు వెంబడి తిరిగేది.

నేను చెయ్యి పెడితే వాళ్లు ఒప్పుకునేది ఒక్కచోటే, దీర్ఘాల దగ్గర. మా మాటలో తినలే అంటే తినలేదని, తినాలె అంటే తినాలని. మధ్యలో ఉన్నది ఒక్క దీర్ఘమే. ఫోనుకు ఆ తేడా ఎన్నడూ పట్టుబడలేదు. ఒకసారి చిన్నకోడలు అన్నం తినలేదని అక్క అంటే, తినాలి అని రాసింది. పస్తున్న పిల్లకు విందు పెట్టారని చదివేవాళ్లలో కొందరికి సంతోషం, కొందరికి అనుమానం. నేను అక్కకు ఫోను చేసి, "తినలేనా, తినాలెనా?" అని అడిగి దిద్దాను. దీర్ఘం దగ్గర నా మాటే చెల్లింది. దాని మీదే కదా మా బతుకు. దరఖాస్తులో ఒక దీర్ఘం ఎగిరిపోతే మనిషి పేరు మారి ఇంకొకడవుతాడు.

అక్క తన చిన్నకోడలిని ఎక్కడికి తెచ్చిందనుకున్నారు? మా దగ్గరి రావల్కోల్ ఊరికి. లారీ గుద్దితే ఎగిరి పొలం గట్టు అవతల పడ్డ పిల్లను, టమాటలు తెంపడానికి వచ్చిన ముసలి జంట చూసి ఇంటికి తీసుకుపోయారు. పిల్లకు గతం గుర్తులేదు. బంగళాలో గ్లాసెడు నీళ్లు తనంతట తాను తాగని పిల్ల రావల్కోల్‌లో బర్రెల పాలు పితికింది, జొన్నరొట్టెలు చేసింది, తలకు గుడ్డ చుట్టుకొని బాయికాడికి పోయింది. అక్క చెబుతుంటే కళ్లల్లో వెలుగు వచ్చేది. తోట పోయాక ఆ వెలుగు నేను మళ్లీ చూడలేదు. నెలలు గడిచాక ఒకనాడు చిన్నకోడలికి అన్నీ గుర్తుకొచ్చాయి. మూట కట్టుకొని ఊరి స్టేజీ కాడ నిలబడింది. తాడు తెంచుకొని గోపాల వెంట వచ్చింది. బస్సు వచ్చి ఆగింది. కండక్టరు అడిగాడు, "ఎక్కుతవా లేదా తల్లీ?"

అక్కడ ఆపింది అక్క. చదివేవాళ్లు రెండు జట్లయ్యారు. బంగళాకు పోయి అత్తను నిలదీయాలని కుంకుడుకాయ జట్టు, రావల్కోల్‌లోనే ఉండాలని సైడ్ లోయర్ జట్టు. ఆ ఆదివారం నేను కూడా అడిగాను. "నీకు సెప్తె ఇంకేమున్నది? వచ్చే ఐతారం రా, వింటవ్" అంది అక్క. బావ పేపరు దించి, ఎక్కిందా లేదా అన్నట్టు నా ముఖం చూశాడు. ఆయనకు కూడా చెప్పలేదన్నమాట.

వచ్చే ఆదివారం రాకముందే పక్షవాతం వచ్చింది. పొద్దున పంపు దగ్గర బిందె కింద చెయ్యి పెట్టిన మనిషి అట్లాగే ఒరిగిపోయిందని కోడలు ఏడుస్తూ ఫోను చేసింది. నేను షట్టరు వేశానో లేదో కూడా గుర్తులేదు. ఆసుపత్రిలో పెద్ద ప్రమాదం తప్పించారు. ఇంటికి వచ్చేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పలకడం లేదు. మాట పోయింది. పూర్తిగా పోలేదు, అదే పెద్ద బాధ. ఏదో చెబుతూనే ఉంటుంది, గొంతు మా అక్కదే, లయ కూడా అక్కదే, మాటలు మాత్రం మాకు అందవు. మాట తిరిగి వస్తుందా అని డాక్టరును అడిగితే, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. నీళ్లు అడుగుతుందనుకొని నీళ్లు తెస్తే తల అడ్డంగా తిప్పేది. దుప్పటి కప్పితే కళ్లనీళ్లు పెట్టుకునేది. బావ ఆమె నోటికి చెవి ఆనించి కూర్చొని, ఏమీ తెలియక, "మల్ల జెప్పు, మల్ల జెప్పు" అనేవాడు. వినలేక నేను వాకిట్లోకి వచ్చి నిలబడేవాణ్ణి.

ఒక సాయంత్రం సీరియల్ టైముకు అక్క ఎడమ చేత్తో కోడలి చేతిలోని ఫోనును పదేపదే తాకింది. కోడలికి తట్టి, మైకు మీద వేలు పెట్టి నోటి దగ్గర పట్టింది. అక్క కష్టపడి, చెమటలు పోసేలా, ఒక మాట చెప్పింది. మాకేమీ అర్థం కాలేదు. ఫోను మాత్రం తడుముకోకుండా రాసింది.

"గోపాల బస్ ఎక్కల."

"మామయ్యా, అత్తమ్మ కథ చెప్తాంది!" అంది కోడలు. గోపాల అంటే గా పొల్ల. గా పొల్ల బస్సు... తర్వాత? ఎక్కలే అంటే ఎక్కలేదు, ఆ పిల్ల రావల్కోల్‌లోనే ఉండిపోయింది. ఎక్కాలె అంటే ఎక్కి తీరాలి, వెళ్లి ఆ బంగళాను దులిపేయాలి. నేను మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చొని, "అక్కా, ఎక్కలేనా?" అన్నాను. తల ఊపింది. ప్రాణం లేచి వచ్చింది. అయినా అనుమానం తీరక, "ఎక్కాలెనా?" అన్నాను. దానికీ అంతే ఆశగా తల ఊపింది. మళ్లీ అడిగాను, మార్చి అడిగాను. అన్నిటికీ ఊపింది. చివరికి అలిసిపోయి కళ్లు మూసుకుంది. జీవితమంతా ఊళ్లోవాళ్ల దీర్ఘాలు దిద్దిన నాకు, సొంత అక్క దీర్ఘం ఒక్కటి చేతికి చిక్కలేదు.

జరిగింది రాసి, ఫోను రాసిన ముక్కను ఉన్నదున్నట్టు సైటులో పెట్టాను. అంత అల్లరి చేసే జనం ఆ రోజు మెల్లగా వచ్చారు. ఎవరూ జోకు వేయలేదు. ఎక్కల, ఎక్కలే, ఎక్కాలె అని ఎవరికి తోచింది వాళ్లు విడగొట్టి చూశారు. కుంకుడుకాయ తన జట్టు వదిలేసి, "ఎక్కకపోయినా పర్వాలేదండీ, అక్క చెబితే చాలు" అని రాసింది. సైడ్ లోయర్ కూడా, "బస్సు ఆగే ఉంటుంది, తొందరేం లేదని చెప్పండి" అన్నాడు. ఆ రెండూ అక్కకు చదివి వినిపించాను. విన్నదో లేదో తెలియదు గానీ, నా చెయ్యి వదల్లేదు.

ఒకసారి ఆ తర్వాతి భాగం నేనే అల్లి టైపు చేసి చూశాను. చక్కటి తెలుగు, ఒక్క తప్పు లేదు. చదువుకుంటే దుకాణం ప్రారంభోత్సవ ఆహ్వానంలా ఉంది. చెరిపేశాను. ఈలోపు అసలు సీరియల్‌లో చిన్నకోడలు తిరిగి వచ్చేసింది, కొత్త నటితో, కొత్త ముఖంతో. లారీ గుద్దినా చావలేదట. అక్క మొదటినుంచీ అన్నది అదే కదా, శవాన్ని చూపించలేదు కదా! టీవీ ముందు మేమంతా అక్క వైపు తిరిగాం. సూసిండ్రా అని మమ్మల్ని ఎగతాళి చేయాల్సిన మనిషి, తెర వైపు చూస్తూ ఉండిపోయింది. బావ లేచి టీవీ ఆపేశాడు. ఆ గెలుపు ఆమెకు దక్కలేదని నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఈ రోజు మధ్యాహ్నం దుకాణం నిండా జనం, అయినా నాకు పని మీద మనసు లేదు. సాయంత్రం పెందలాడే షట్టరు వేసి లాల్‌గడి మలక్‌పేటకు బండి తీశాను. అక్కను గోడకు ఆనించి కూర్చోబెట్టి ఉంచారు. ఆ సందేశం చదివి వినిపించి, మూడు మీటలూ చూపించి, "ఏది నొక్కాలె అక్కా?" అన్నాను. అక్క ఏదో చెప్పింది, పొడుగ్గా, మధ్యలో ఒకచోట నవ్వు కూడా వచ్చింది. కోడలు ఫోను పట్టుకుంది. తెర మీద ఏమీ పడలేదు, ఈసారి దానికి కూడా అందలేదు. అక్క ఎడమ చెయ్యి పట్టుకొని, ఆమె వేలితోనే మొదటి మీట నొక్కించాను. కొనసాగుతోంది అని వచ్చింది. కొన్నాళ్లకు మళ్లీ అడుగుతామని కింద చిన్న అక్షరాల్లో ఉంది. అడగనీ. అప్పటిదాకా రావల్కోల్ స్టేజీ కాడ బస్సు ఆగే ఉంటుంది, ఆ పిల్ల మూటతో నిలబడే ఉంటుంది, దూడ తాడు ఈడ్చుకుంటూ పక్కనే ఉంటుంది. కాలాన్ని ఆపడం మా వల్ల ఎలాగూ కాదు, ఇంకా అయిపోలేదని దానికి అప్పుడప్పుడూ ఒక మీట నొక్కి చెప్పుకోవడమే మా చేతిలో మిగిలింది.