నూకరత్నం గారు పెట్టిన తువ్వాలు

2023 వానాకాలం. కాకినాడలో ఒక కార్ల వర్క్‌షాపులో ఇన్సూరెన్సు డెస్కు నాది. డెస్కు అంటే ఏమీ లేదు, రిసెప్షన్‌కీ పెయింటింగ్ షెడ్డుకీ మధ్య ఇరుకైన అద్దాల గది. దెబ్బతిన్న కారు మా గేటులోకి వచ్చిన దగ్గర్నుంచి బాగై బయటికి వెళ్ళేదాకా, కారు యజమానికీ ఇన్సూరెన్సు కంపెనీకీ మధ్య మాటలు మోసేది నేనే. కారు బాగు చెయ్యడం మెకానిక్కుల పని, ఆ డబ్బు ఎవరిస్తారో తేల్చడం నా పని. గ్రీజు వాళ్ళ చేతులకి అంటుతుంది, కంగారు నాకు అంటుతుంది. ఇన్నేళ్ళయినా కంపెనీ నుంచి మెయిల్ వచ్చిందంటే తెరిచేముందు ఒకసారి మంచినీళ్ళు తాగుతాను.

ఆ ఏడు ముసురు పట్టిన ఒకరోజు సూరిబాబు గారి కారు లారీ వెనక గొలుసుతో వేలాడుతూ వచ్చింది. ముందు భాగమంతా లోపలికి నొక్కుకుపోయింది. బానెట్ విరిగింది, రేడియేటర్ పగిలింది, రెండు ఎయిర్‌బ్యాగులూ తెరుచుకున్నాయి. సూరిబాబు గారిది ఉప్పాడ వైపు సముద్రం ఒడ్డున ఊరు. వేటకి వెళ్ళే కుటుంబమే కానీ, ఆయన మాత్రం పడవల ఇంజన్లు బాగు చేస్తారు. అందుకని మా మెకానిక్కుల పక్కన నిలబడి, ఆ బోల్టు అలా కాదండి, ఇలా తిప్పండి అంటూ వాళ్ళకి ఒళ్ళు మండేలా చేసేవారు.

ఆయన ఆ కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది సరదాకి కాదు. వాళ్ళ నాన్నగారికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు కాకినాడ తీసుకొచ్చి డయాలసిస్ చేయించాలి. కారు షెడ్డులో పడ్డాక ఆ ముసలాయన్ని ఆటోలో తీసుకురావడం మొదలుపెట్టారు. తిరిగి వెళ్ళేటప్పుడు మా వర్క్‌షాపు ముందు ఆటో ఆపి, సూరిబాబు గారు లోపలికొచ్చి ఒకే మాట అడిగేవారు.

“ఏమన్నా వచ్చిందాండీ కబురు?”

బయట ఆటోలో ఆయన తండ్రి దుప్పటి కప్పుకుని, సీటు మీద వాలిపోయి కనిపించేవాడు. నేను అద్దంలోంచి అటు చూసి, ఇంకా లేదండి అని చెప్పేదాన్ని. ఆ మాట చెప్పడం రోజురోజుకీ కష్టమైపోయింది.

ప్రమాదం జరిగిన తీరు మామూలుదే. సూరిబాబు గారి పక్కింట్లో ఉండేది నూకరత్నం గారు, ఎండు చేపలు అమ్ముతుంది. ఆవిడ కూతురు దేవిని తుని ఇచ్చారు. ఏడో నెల రాగానే పురిటికి పుట్టింటికి తీసుకురావాలి. బస్సులో వద్దు పిన్నీ, నేను తీసుకొస్తానని సూరిబాబు గారే కారు తీశారు. నూకరత్నం గారూ వెంట వెళ్ళారు. తిరిగి వస్తుంటే కత్తిపూడి దగ్గర గేదె అడ్డం వచ్చింది. తప్పించబోతే కారు రోడ్డు దిగి కల్వర్టు దిమ్మని కొట్టింది. వెనక సీట్లో ఉన్న తల్లీకూతుళ్ళకి దెబ్బలు తగలలేదు. అయినా నూకరత్నం గారు ఆ రోడ్డు మీదే కూలబడిపోయిందట. అక్కడ టీ దుకాణం ఆవిడ నీళ్ళు తెచ్చి మొహం కడిగింది. ఒక ఆటో అతను వాళ్ళని ఆసుపత్రికి చేర్చాడు. స్కానింగ్‌లో బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోందని చెప్పేదాకా సూరిబాబు గారు మెట్ల మీదే కూర్చున్నారట.

సర్వేయరు వచ్చి చూసి వెళ్ళాడు. సర్వేయరంటే నష్టం ఎంతో లెక్కగట్టడానికి కంపెనీ పంపే మనిషి. ఆయన రిపోర్టు మంచిగానే ఉంది. ఆ తర్వాత ఇన్వెస్టిగేటరు వెళ్ళాడు, అంటే ప్రమాదం చెప్పినట్టే జరిగిందా అని ఊళ్ళో ఆరా తీసే మనిషి. ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్న పెద్ద క్లెయిము కదా, పంపడం మామూలేనని నేను నిశ్చింతగా ఉన్నాను. తర్వాత మెయిల్ వచ్చింది. ప్రైవేటు కారును కిరాయికి తిప్పినట్టు తేలింది, క్లెయిము ఎందుకు తిరస్కరించకూడదో వారంలోగా తెలపండి, అని.

సొంత వాడకానికని పాలసీ తీసుకున్న కారులో డబ్బు పుచ్చుకుని మనుషుల్ని ఎక్కిస్తే క్లెయిము ఇవ్వనక్కర్లేదు. ఆ షరతు ఎంత గట్టిదో నాకు బాగా తెలుసు. మెయిల్‌కి జతగా నూకరత్నం గారి వాంగ్మూలం ఉంది. కింద వంకర అక్షరాలతో ఆవిడ సంతకం. పైన ఇన్వెస్టిగేటరు రాత: కూతుర్ని తుని నుంచి తీసుకొచ్చినందుకు కారు యజమానికి బట్టలు, ఐదు వందల రూపాయలు ఇచ్చాము.

సూరిబాబు గారిని పిలిపించి అడిగాను. ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డారు.

“తాంబూలంలో పెట్టిందండి పిన్ని. నేను వద్దంటే ఊరుకునే మనిషి కాదు. అది కిరాయి ఎలాగవుద్దండి?”

“మీకూ నాకూ కాదు. కాగితం మీద అయింది.”

మా సర్వీసు మేనేజరు తలుపు దగ్గరే నిలబడి విన్నాడు. దీనికింత ఆలోచన దేనికండీ, ఏమీ ఇవ్వలేదని ఆవిడ చేత ఇంకో కాగితం రాయించెయ్యండి అన్నాడు. నిజం చెప్పాలంటే నా మనసూ ఒక్క క్షణం అటే వెళ్ళింది. బయట ఆటోలో పెద్దాయన దగ్గుతున్నాడు. మర్నాడు నూకరత్నం గారిని వెంటబెట్టుకు రమ్మని సూరిబాబు గారికి చెప్పాను.

నల్లగా, పొట్టిగా, నోట్లో చుట్ట వాసన, చేతిలో పెద్ద గుడ్డసంచి. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చుంది. సంగతి చెప్పేసరికి ఆవిడ మొహం మాడిపోయి, ఏడుపు మొదలుపెట్టింది.

“ఆ బాబు మర్యాదగానే అడిగాడమ్మా. మీ పిల్లని తెచ్చినోడికి ఏమన్నా ఇచ్చారా అన్నాడు. ఇవ్వకుండా ఎలాగుంటాం బాబూ, బట్టలు పెట్టాను, డబ్బులు పెట్టాను అన్నాను. మా మర్యాద అడుగుతున్నాడనుకున్నానమ్మా. నా నోటితోనే ఆడి కారు ముంచేశాను.”

ఏమీ పెట్టలేదని రాసిస్తారా అని నేను అడగనే అడిగాను. ఆవిడ ఏడుపు ఆపేసి నన్ను చూసింది.

“కడుపుతో ఉన్న పిల్లని ప్రాణాలతో తెచ్చినోడికి తువ్వాలు కూడా పెట్టలేదని రాయమంటావా? మా వాడలో తలెత్తుకు తిరగనా నేను?” అంది. తర్వాత చిన్న గొంతుతో, “సూరిగాడు రాయమంటే రాసేస్తానమ్మా” అంది.

సూరిబాబు గారు తలెత్తలేదు. “పిన్ని చేత అబద్ధం ఆడించొద్దండి. పోతే పోయింది కారు” అన్నారు.

పోతే పోయిందనడం తేలికే. ఆయన గొంతు మాత్రం తేలిగ్గా లేదు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఆ ఇన్వెస్టిగేటరు మీద ఇంకా వచ్చింది. పాపం, అతను అబద్ధం రాయలేదు. ఏమిచ్చారని అడిగాడే తప్ప, ఎప్పుడిచ్చారు, ఎందుకిచ్చారు అని అడగలేదు. ఆ రెండూ నేను అడిగాను.

“ఎప్పుడేంటమ్మా, స్కానింగు అయిన మర్నాడు. అందరికీ పెట్టానుగా. ఆటో అబ్బాయికి తువ్వాలు పెట్టాను. నీళ్ళిచ్చిన టీకొట్టు ఆవిడకి కత్తిపూడి వెళ్ళి మరీ జాకెట్టు గుడ్డ పెట్టొచ్చాను. మా ఇంటి కష్టంలో చెయ్యేసినోళ్ళని వట్టి చేతుల్తో పంపుతామా?”

ఆటో అబ్బాయి నంబరు ఉందా అని అడిగితే సూరిబాబు గారి ఫోనులో ఉంది. ఆ సాయంత్రమే జవాబు రాశాను. డబ్బు ఇచ్చిన మాట దాచలేదు. ముగ్గురికీ బట్టలు పెట్టారని, అదీ ప్రమాదం జరిగిన మర్నాడని రాసి, వీళ్ళిద్దరి మాటా స్వయంగా వినమని రాజమండ్రిలో ఉన్న కంపెనీ ఆఫీసుకి పంపాను. రాసిన తర్వాత భయం ఇంకా ఎక్కువైంది. డబ్బు ఇచ్చిన మాట ఇప్పుడు మేమే ఒప్పుకున్నట్టయింది కదా. రమ్మని కబురొచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. మా ఆయన, కారు నీదేనా ఏంటి అని వేళాకోళం ఆడేవారు.

రాజమండ్రి ఆఫీసులో క్లెయిమ్స్ మేనేజరు యాభై దాటిన మనిషి, మాట తక్కువ. నూకరత్నం గారు చెప్పినదంతా ఫ్యాను కింద కాగితాలు ఎగరకుండా అరచెయ్యి ఆనించి విన్నారు.

“పెట్రోలు ఎవరు పోయించారు?” అని అడిగారు.

“నేనేనండి. మా నాన్నని ఆసుపత్రికి తెచ్చినప్పుడు పోయించిందే” అన్నారు సూరిబాబు గారు.

“తుని వెళ్ళేముందు ఇంత ఇస్తానని ఏమన్నా అనుకున్నారా అమ్మా?”

“అనుకోడమేంటి బాబూ? ఆడు నా కళ్ళముందు పెరిగినోడు.”

ఆయనకి నమ్మకం కలిగిందో లేదో మొహంలో కనిపించలేదు. ఫోను స్పీకరులో పెట్టి ఆటో అతనికి కలిపారు. తను ఎవరో చెప్పి, ఆ రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళినందుకు నీకేమిచ్చారని అడిగారు. నేను కుర్చీ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఈ ప్రశ్నే కదా మమ్మల్ని ముంచింది.

“ఆ రోజు కిరాయి ఇచ్చేశారండి. మర్నాడు ఇంటికి పిలిచి బట్టలు పెట్టారండి.”

“కిరాయి ఇచ్చాక మళ్ళీ బట్టలెందుకు?”

“కిరాయి బండికండి. బట్టలు మనిషికండి” అన్నాడు.

మేనేజరు ఫోను పెట్టేసి ఏదో రాసుకున్నారు. రిపోర్టు పైకి పంపుతాను, నిర్ణయం నా ఒక్కడిదే కాదు అన్నారు. అంతటితో లేచి వచ్చేస్తే బాగుండేది. నూకరత్నం గారు సంచిలో చెయ్యి పెట్టి, కొత్త తువ్వాలు, తమలపాకులు, రెండు అరటిపళ్ళు తీసి ఆయన బల్ల మీద పెట్టింది.

ఏ మర్యాద వల్ల క్లెయిము పోబోతోందో, ఆ మర్యాదే తెచ్చి క్లెయిమ్స్ మేనేజరు ముందు పెట్టింది. అద్దం అవతల ఆఫీసంతా చూస్తోంది. లంచం అంటే మేము ఏం చెప్పుకోగలం?

“ఇదేంటమ్మా?” అన్నారాయన.

“మా గురించి ఇంతసేపు కష్టపడ్డారు కదా బాబూ. మీరు డబ్బులిచ్చినా ఇవ్వకపోయినా ఇది మీదే.”

“ఇప్పుడిది నేను పుచ్చుకుంటే నా మీద ఇన్వెస్టిగేటర్ని వేస్తారమ్మా” అన్నారు, నవ్వకుండానే. రెండు చేతులతో తీసి ఆవిడ సంచిలో పెట్టారు. నూకరత్నం గారి మొహం చిన్నబోయింది. ఇంట్లో అన్నం వడ్డిస్తే విస్తరి తోసేసినట్టు చూసింది పాపం.

తిరిగి వచ్చేటప్పుడు ముగ్గురం బస్సు ఎక్కాం. నేను కోపంగా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నేనేం తప్పు చేశానమ్మా అని ఆవిడ ఒకసారి అడిగితే, ఏమీ చెయ్యలేదులెండి అన్నాను. అది మాత్రం నిజం.

ఆ తర్వాత ఎదురుచూపులు. డయాలసిస్ రోజుల్లో ఆటో ఆగడం, సూరిబాబు గారు రావడం, నేను తల అడ్డంగా ఊపడం. పెద్దాయన కాళ్ళు బాగా వాచాయని ఒకరోజు చెప్పారు. చివరికి మెయిల్ వచ్చింది. మంచినీళ్ళు తాగి తెరిచాను. క్లెయిము ఆమోదించాం, పని మొదలుపెట్టండి అని ఉంది. గట్టిగా ఏడుపొచ్చింది. షెడ్డులో వాళ్ళు చూస్తారని బాత్రూములోకి వెళ్ళాను.

కారు ఇచ్చేసిన కొన్నాళ్ళకి నూకరత్నం గారు ఫోను చేసింది. దేవికి మగపిల్లాడు, బారసాలకి నువ్వు రావాలమ్మా అని. అందులోనే ఏడుస్తూ చెప్పింది, నొప్పులొచ్చినప్పుడు సూరిబాబే కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళాడట. వెళ్ళేముందు ఆవిడ చేత చేతిలో చెయ్యి వేయించుకున్నాడట, నాకేమీ పెట్టనంటేనే బండి తీస్తానని. “వట్టి చేతుల్తో పంపానమ్మా ఆడిని. ఆ ఇంటి ముందు నుంచి నడవాలంటే సిగ్గేస్తోంది.”

క్లెయిము గెలిచామనుకున్నాను నేను. ఆ రెండిళ్ళ మధ్య ఏం పోయిందో ఆ ఫోను వచ్చేదాకా నాకు తెలియలేదు. ఇప్పుడు నా డెస్కు ముందు కూర్చున్న ప్రతి మనిషికీ ఇన్వెస్టిగేటరు వస్తాడని ముందే చెబుతాను. నిజమే చెప్పండి, కానీ ఎప్పుడు, ఎందుకు అన్నది కూడా అడక్కుండానే చెప్పండి, రాసింది చదివించుకున్నాకే సంతకం పెట్టండి అంటాను. ఈ క్లెయిము నేర్పిన పాఠంలో నా ఉద్యోగానికి పనికొచ్చింది అంతే.

బారసాలకి వెళ్ళాను. ఇంటి ముందు షామియానా, లోపల చీర ఉయ్యాల. నూకరత్నం గారు వచ్చినవాళ్ళందరికీ బట్టలు పెడుతోంది. నా ఒళ్ళో జాకెట్టు గుడ్డ పెట్టింది. సూరిబాబు గారు ఒక మూల నిలబడి ఉన్నారు. ఆవిడ తువ్వాలు, తాంబూలం తీసుకుని ఆయన దాకా వెళ్ళి ఆగిపోయింది. మాటిచ్చింది కదా. అక్కడి నుంచి వెనక్కి వచ్చి, మనవడిని ఎత్తుకుని, ఆ తువ్వాలు వాడి గుప్పిట కింద పెట్టి మళ్ళీ వెళ్ళింది.

“నేను పెట్టట్లేదురా. ఈడు పెడుతున్నాడు.”

సూరిబాబు గారు చెయ్యి చాపబోయి, వెనక్కి తీసుకుని, నా వైపు చూశారు. ఇంటినిండా ఉన్న జనం కూడా నా వైపే తిరిగారు.

“పుచ్చుకోవచ్చాండీ మేడం గారూ?” అన్నారు.

ఆయన వేళాకోళం ఆడటం లేదు. పాలసీలో ఉన్న షరతులన్నీ తెలిసిన మనిషినని నన్నే అడుగుతున్నారు. వీధిలోకి చూశాను. పక్కిల్లే అయినా, ఈరోజు బండి తియ్యలేదని అందరికీ తెలిసేలా ఆయన కారుకి కవరు కప్పి, తాళం వేసి వచ్చారు.

“పుచ్చుకోండి సూరిబాబు గారూ” అన్నాను. “మీరు నడిచే వచ్చారుగా.”