నాన్నతో వాదించే అమ్మాయి

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతపడ్డప్పుడు నేను పీయూసీ చదువుతున్నాను. పొద్దున లేస్తే రోడ్డు మీద ఊరేగింపులు, నినాదాలు. బస్సు ఎప్పుడు నడుస్తుందో, ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలియదు. మేం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెంకుటింట్లో కిరాయికి ఉండేవాళ్లం. అప్పట్లో అక్కడ ఇళ్లకన్నా ద్రాక్షతోటలే ఎక్కువ. అలాంటి ఒక తోటలో తీగలు కత్తిరించే పని మా నాన్నది. అంతకుముందు నల్గొండ వైపు మా ఊళ్లో ఆయన పన్నెండేళ్లు ఉపదేశిగా ఉన్నాడు. ఫాదరు రాని ఆదివారాల్లో గుడిలో జపాలు చెప్పించేవాడు, పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పేవాడు. ఇల్లు గడవక పట్నం వచ్చాడు గానీ, ఆయనలోని ఉపదేశి మాత్రం ఊళ్లో ఆగిపోలేదు.

నాకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు లేరు. అందుకని ఆయన ప్రశ్నలన్నీ నాకే. అన్నం తినేటప్పుడు, నీళ్లు తోడేటప్పుడు కూడా అడిగేవాడు. నేను తడుముకోకుండా చెప్పేదాన్ని. చెప్పగానే ఇంకో ప్రశ్న వచ్చేది. బాగా చెప్పావని ఎప్పుడూ అనలేదు, అనాలని నేనూ అనుకోలేదు. పక్క పోర్షన్ అమ్మాయి వచ్చేదాకా.

ఆమె, వాళ్ల నాన్న అంతకు ఏడాది ముందు గుంటూరు వైపు నుంచి వచ్చారు. ఆయన బడిలో సారు. ఆమెది నా ఈడే, నా క్లాసే. తల్లి చనిపోయి రెండేళ్లయిందట. మేం కేథలిక్కులం, వాళ్లు ప్రొటెస్టెంట్లు. కాలేజీ ఉన్నన్నాళ్లూ పలకరింపులే తప్ప మా మధ్య పెద్ద మాటల్లేవు. కాలేజీ మూతపడి ఇద్దరం ఇంట్లో కూర్చున్నాక, ఒక సాయంత్రం ఆమె నల్ల అట్ట వేసిన బైబిలు గ్రంథం చేత్తో పట్టుకుని మా వసారాలోకి వచ్చింది.

"బాబాయిగారూ, ఒకటి అడుగుతాను, కోప్పడరు కదా?"

"అడుగు బిడ్డా," అన్నాడు నాన్న.

"మీరు మరియమ్మగారికి ఎందుకండీ ప్రార్థన చేస్తారు? దేవుడికీ మనకీ మధ్యవర్తి ప్రభువు ఒక్కరే కదా."

నాన్న ముఖం వెలిగిపోయింది. తుండుతో చేతులు తుడుచుకుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"నీకు పరీక్షలున్నయనుకో. నా కోసం జర ప్రార్థన చెయ్యుండ్రి అని నన్నడుగుతవా, అడగవా?"

"అడుగుతాను."

"మరి నేను నీకూ దేవునికీ నడుమ అడ్డమొచ్చినట్టా? మేం ఆ తల్లిని గంతే అడుగుతం."

"మీరు బతికున్నారు కదండీ, ఆవిడ చనిపోయారు కదా."

"ప్రభువు దగ్గరున్నోళ్లు సచ్చిపోయినోళ్లెట్లయితరు బిడ్డా?"

ఆమె నవ్వింది. "రేపు చూసుకుని వస్తానండీ," అని లేచింది.

ఆ జవాబు నాకు ఎనిమిదో ఏటనే వచ్చు. గుమ్మం దగ్గర బియ్యం ఏరుతూ, నాన్న నా వైపు తిరుగుతాడేమో, నువ్వు చెప్పు అంటాడేమో అని చూశాను. తిరగలేదు. పైగా ఆమెను బిడ్డా అన్నాడు. అది నా పిలుపు.

మర్నాడు ఆమె మూడు వాక్యాలు వెతుక్కుని వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చింది. విగ్రహాల గురించి ఒకరోజు, పాపసంకీర్తనం గురించి ఇంకోరోజు.

"ఫాదరుగారు కూడా మనిషే కదండీ, ఆయన దగ్గర పాపాలు ఎందుకు చెప్పుకోవాలి?"

"దవాఖానల డాక్టరు గూడ మనిషే. గాయమైతే సూపియ్యవా?"

"చూపిస్తాను. కానీ మాన్పేది దేవుడే కదా."

"షాబాష్!" అన్నాడు నాన్న, తొడ మీద చరిచి. "గట్ల పట్టాలె మాటను!"

తనకు ఎదురు చెప్పినందుకు షాబాష్! పన్నెండేళ్లు తప్పు లేకుండా ఒప్పజెప్పిన నాకు దక్కని మాట, ఒప్పుకోనన్న పిల్లకు దక్కింది. తోట నుంచి ఆకుల్లో చుట్టి తెచ్చే ద్రాక్షగుత్తులు రెండు భాగాలయ్యాయి. ఆమె గుత్తి పెద్దదని నేను అమ్మతో అన్నాను. "తల్లి లేని పిల్ల, పోనియ్యే," అంది అమ్మ. అమ్మకు అర్థం కాలేదనుకున్నాను. అయ్యే ఉంటుంది.

ఒకరోజు అన్నం తింటూ నాన్న, "గా పిల్లకు ఎన్ని వాక్యాలొస్తయి! గసొంటి బిడ్డ మనకు..." అని ఆపేశాడు. గుడికి వచ్చేవాళ్లలో అలాంటి వాళ్లు లేరని అనబోయాడేమో. నేను మాత్రం దాన్ని నా మనసుకు తగ్గట్టు పూర్తి చేసుకున్నాను.

ఆ రోజు నుంచి రోజూ జపమాల చెప్పుకునేటప్పుడు, ఆ అమ్మాయి వాదనలో ఓడిపోవాలని కోరుకున్నాను. మరియతల్లిని అడగకూడనిది అడుగుతున్నానని తెలిసే అడిగాను. ఆ నెల ఫాదరు దగ్గర అన్ని పాపాలూ చెప్పాను, అదొక్కటి తప్ప.

ఉత్తరించు స్థలం గురించి మాట వచ్చిన సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. చనిపోయినవాళ్ల ఆత్మలు అక్కడ శుద్ధి పొందుతాయనీ, మన ప్రార్థనలు వాళ్లకు ఆసరా అనీ నాన్న చెప్పాడు.

"నమ్మినవాళ్లు నేరుగా ప్రభువు దగ్గరికే వెళ్తారండీ," అందామె. "ఇంక వాళ్ల కోసం ప్రార్థన ఎందుకు?"

నాన్న ఆలోచిస్తున్నాడు. ఆయన నోరు తెరిచేలోపు నేను అనేశాను.

"అయితే మీ అమ్మ కోసం ఒక్క ప్రార్థన గూడ చెయ్యవా? మట్టిల పెట్టొచ్చి గట్లనే ఇడిచిపెట్టినవా?"

ఆమె వేలు ఇంకా పుటల మధ్యే ఉంది. "పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చాను," అని లేచి వెళ్లిపోయింది.

గెలిచాననుకున్నాను. నాన్న వైపు చూశాను.

"గిది నేను నేర్పలే," అన్నాడాయన.

ఐదు రోజులు ఆమె రాలేదు. నేనూ వెళ్లలేదు. నాన్న మళ్లీ నాకొక్కదానికే మిగిలాడు. వసారాలో ఆయన పక్కన కూర్చుని, "ఏమన్న అడుగు నాయినా," అన్నాను. "నీకన్నీ వచ్చు గదా," అని పక్క పోర్షన్ వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఆ వారమే రోడ్డు మీద కోస్తా నుంచి వచ్చిన ఒకాయన దుకాణం పగలగొట్టారు. గొడవలు సద్దుమణిగేదాకా ఊరెళ్లి ఉంటామని సారు చెప్పాడు. బస్సుల్లేవు. ఇప్పుడు ఎల్‌బీ నగర్ అంటున్న చౌరస్తా దగ్గర విజయవాడ లారీ ఒకటి ఎక్కించుకుంటుందని కబురందింది.

"నేనొస్త సారూ, ఒక్కలే పోవద్దు," అన్నాడు నాన్న. ఒకే కుటుంబంలా కనిపిస్తే ఎవరూ అనుమానించరని నన్నూ రమ్మన్నాడు. పొద్దున్నే నలుగురం బయల్దేరాం.

సగం దూరం వెళ్లాక నలుగురైదుగురు కుర్రాళ్లు అడ్డం వచ్చారు. "ఎవరు మీరు? ఎక్కడికి?"

"మా తమ్ముడు, తమ్ముని బిడ్డ," అన్నాడు నాన్న. "పానం బాగలేదు, దవాఖానకు తీస్కపోతున్నం."

ఆమె, సారు నోరు విప్పలేదు. మాట బయటికొస్తే ఏ ప్రాంతమో తెలిసిపోతుంది. కుర్రాళ్లు పక్కకు తప్పుకున్నారు. ఆ భయంలో కూడా, తమ్ముని బిడ్డ అన్న మాట ఆయన నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో గమనించాను.

కొంత దూరం పోయాక ఆమె, "బాబాయిగారూ, ఈ అబద్ధం ఫాదరుగారికి చెప్పుకోవాలేమో," అంది. నాన్న రోడ్డు మీదే పడీపడీ నవ్వాడు.

చౌరస్తాలో మగవాళ్లిద్దరూ డ్రైవరుతో మాట్లాడుతుంటే ఆమె నా దగ్గరికి వచ్చింది. క్షమించమని అడగాలనుకున్నాను. ఈలోపు ఆమే మాట్లాడింది.

"మీ గుడిలో మా అమ్మ పేరు మీద పూజ చేయిస్తావా?"

నాకు అర్థం కాలేదు. "నువ్వు నమ్మవు గదా?"

"నేను నమ్మను. నువ్వు నమ్ముతావుగా, అందుకే అడుగుతున్నా. మా నాన్నకు తెలీకూడదు. మీ నాన్నగారికి కూడా."

తల ఊపాను. ఆమె లారీ ఎక్కింది.

ఆ ఆదివారం పూజకు ముందే ఫాదరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లి ఆమె తల్లి పేరు చెప్పాను. అంతకుముందు చెప్పకుండా దాచిన పాపం కూడా చెప్పాను. పూజంతా మోకాళ్ల మీదే ఉన్నాను. ఏనాడూ చూడని ఆ తల్లి కోసం నేను నిజంగానే ప్రార్థించాను. కానీ ఆమె నాన్నను అడగకుండా నన్నే అడిగిందన్న సంతోషం కూడా లోపల కదులుతూనే ఉంది.

ఊరి నుంచి ఆమె నాన్నకు రెండు పేజీల ఉత్తరాలు రాసేది, నిండా ప్రశ్నలే. అడుగున నాకు ఒక పంక్తి. నాన్న వాటిని బిగ్గరగా చదివి, జవాబులు నా చేత రాయించేవాడు. ఆమెకు వెళ్లే మాటలు నా చేతిరాతలో వెళ్లేవి.

కాలేజీలు తెరిచాక వాళ్లు తిరిగొచ్చారు. వచ్చిన మూడో రోజే వసారాలో వాదన ఆగిన చోట మొదలైంది. చనిపోయినవాళ్లకు మన ప్రార్థనతో పని లేదని ఆమె గట్టిగానే చెప్పింది. చెబుతున్నంతసేపూ నా వైపు చూడలేదు.

నాన్న నా వైపు తిరిగాడు. అన్ని నెలల్లో అదే మొదటిసారి. "నువ్వేమంటవ్ బిడ్డా?"

లారీ ఎక్కేముందు ఆమె అడిగిన పూజ గురించి ఒక్క మాట చాలు. ఆ మాటతో ఆమె నోరు మూతపడేది.

"నాకు తెల్వదు నాయినా," అన్నాను.

నాన్న కాస్త చిన్నబోయి మళ్లీ ఆమె వైపు తిరిగాడు. ఇద్దరూ పుటలు తిప్పుకుంటూ వాదనలో పడ్డారు. నేను లోపలికి వెళ్లి చాయ్ పెట్టాను. వాళ్ల నవ్వులు వంటింట్లోకి వినిపిస్తూనే ఉన్నాయి. చేసింది సరైన పనేనని తెలుసు. అయినా అసూయ మాత్రం తగ్గలేదు.