రెండో కిడ్నీ

మనవరాలికి నీళ్లు పోస్తూ వీపు రుద్దేటప్పుడల్లా నాకు తగరపువలస బస్సులో కలిసిన ఆ తల్లి గుర్తొస్తుంది. పేరు అడగలేదు. నా పక్క సీట్లో మూడేళ్ల పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మధురవాడ దాటాక ఉన్నట్టుండి ఆమె పాప గౌను మెడదాకా ఎత్తేసింది. బొజ్జ మీద స్కానింగుకు రాసిన జెల్ ఇంకా జిగురుగానే ఉంది. పొట్టంతా తడిమి, పాపను బోర్లా తిప్పి వీపు వెతకసాగింది. బస్సులో అందరూ మావైపే చూస్తున్నారు.

"ఏం వెతుకుతున్నావమ్మా?" అన్నాను.

"కోత" అంది. "ఒంటేలుకెల్తే మంటని ఏడిసేది పెద్దమ్మా. మాటిమాటికీ జొరం. ఇయాల స్కానింగ్ తీసినారు. ఒక కిడ్నీయే ఉన్నాదంట."

నేను పాప వైపు చూశాను.

"పుట్టడమే అలగ పుట్టినాదంట. ఒక్కదాంతో బతికేత్తాది, జాగర్తగా సూసుకోమని డాక్టరమ్మ సెప్పినాది. మరి రెండోది ఏటైపోనాది? పురిట్లో ఎవులైనా తీసీనారేటి?"

పాప వీపు నావైపు తిప్పింది.

"మీరూ ఓపాలి సూడండి పెద్దమ్మా. నా కళ్లకి ఏటీ ఆనట్నేదు."

ఆ చిన్న నడుము మీద మెల్లగా వేళ్లు పోనిచ్చాను. చిన్న గీత కూడా లేదు. కితకితలు పుట్టి పాప పకపకా నవ్వింది.

"ఎవరూ తియ్యలేదమ్మా. ఏ కోతా లేదు" అన్నాను.

ఆమె గౌను కిందికి లాగి సర్దింది. తప్పు పట్టడానికి ఇక ఎవరూ మిగల్లేదని అప్పుడు తెలిసినట్టుంది. పాపను గుండెకు హత్తుకుని, బస్సంతా వినేలా ఏడ్చింది.