ఆరు పాయింట్ల ఇంట్ల ఏడో లైట్

దయ్యాలు, భూతాలంటే నాకు నవ్వొస్తుండె. అమ్మ దిష్టి తీయనీకె ఉప్పు, మిరపకాయలు పట్టుకొస్తే "ఇగ సాలు తియ్ అమ్మా" అని కసిరేదాన్ని. గసొంటిదాన్ని, ఇది రాస్తుంటే పట్టపగలు గూడ నడిమి గది దిక్కు చూస్తున్న.

మాది సూర్యాపేట. నాయిన ఇండ్లకు కరెంట్ వైరింగ్ చేసేటోడు. చివ్వెంల నుంచి కోదాడ దాక ఆయన తీసిన పాయింట్లు ఎన్ని ఇండ్లల్ల ఉన్నయో లెక్కలేదు. మా ఇల్లు రెండు గదులు, వంటిల్లు. దానికీ వైరింగ్ ఆయనదే. గుండెకు స్టెంట్ ఏసి దవాఖాన నుంచి పంపినంక నడిమి గదిల మంచం ఏసినం. ఆయన జర దగ్గినా నేను ఉరికొచ్చేదాన్ని. అంత భయం ఉండె నాకు.

అదే వారం ఒక గేమ్ కంపెనీ ఉద్యోగానికని నాకు పరీక్ష పని ఇచ్చింది. బాగ తెలిసిన ఇల్లు ఒకటి కంప్యూటర్ల కట్టి, లైట్లతోని సహా గేమ్ ఇంజిన్‌లకు, అంటే గేమ్ నడిపే సాఫ్ట్‌వేర్‌లకు ఎక్కించి పంపుమన్నరు. టేపు పెట్టి కొలిచి మా ఇల్లే కట్టిన. నడిమి గదిల బీరువా గూడ కట్టిన, మంచం మాత్రం కట్టలే. మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌ల ఆరు లైట్లు పెట్టిన, నాయిన పెట్టిన కాడనే. ఇంజిన్‌లకు తెచ్చేసరికి ఏడు అయినయి.

ముందు పరేషాన్ కాలే. ఒకదాంట్లకెల్లి ఇంకోదాంట్లకు పోతే లైట్ల తీరు చెడుడు మామూలే. ఒకటి కండ్లు చెదిరేటట్టు వెలుగుతది, ఇంకోటి దిక్కు తప్పుతది. నా ఆరు గూడ అట్లనే వంకర తిరిగొచ్చినయి. ఏడోదానికి మాత్రం ఏ వంకర లేదు. నడిమి గదిల, నేలకు జానెడు ఎత్తుల, పసుపు పచ్చగ, దక్షిణం దిక్కు చూస్కుంట ఉన్నది. తీసేసిన. మళ్ళ ఎక్కిస్తే మళ్ళ వచ్చింది. అసలు ఫైల్‌ల చూస్తే ఆరే.

నాయిన మంచం మీదికెల్లి చూసి నవ్విండు. "ఏడోది యాడిదే బిడ్డా? నేను తీసింది ఆరు పాయింట్లే గద!"

అమ్మది కోదాడ. చాయ్ ఇయ్యనీకె వచ్చి స్క్రీన్ చూసి ఆగిపోయింది. నన్ను వంటింట్లకు గుంజుకపోయి, "అక్కడ దీపం ఎందుకు పెట్టావే? అది మనిషి పోయిన చోట పెట్టేది" అన్నది. మా దిక్కు ప్రాణం పోయిన కాడ నేల మీద దీపం పెడ్తరు. వత్తి దక్షిణం దిక్కు ఉంటది, దినాలు అయ్యేదాక ఆరనియ్యరు. ఆ లైట్ ఉన్నది సరిగ్గ నాయిన మంచం కాడ.

ఫ్యాన్ గాలి మంచిగొస్తదని చెప్పి మంచం ముందు గదిలకు జరిపినం. నేను ఫైల్‌ల ఏం ముట్టుకోలే. మళ్ళ ఎక్కించిన. ఏడో లైట్ ముందు గదిల ఉన్నది.

తెల్లారి నాయినను కారుల మిర్యాలగూడ తీస్కపోయి అక్క ఇంట్ల దించిన. "ఇంటికి సున్నం ఏయిస్తున్న, దుమ్ము నీకు పడదు" అని చెప్పిన. వచ్చి ఎక్కించి చూస్తే ఆరే లైట్లు. కూలబడి ఏడ్చిన. పని పంపిన, ఉద్యోగం గూడ వచ్చింది.

నాలుగు నెలలు నాయిన ఫోన్ల ఒకటే అడిగిండు. "ఇంటికెప్పుడు తీస్కపోతవ్ బిడ్డా? అల్లుని ఇంట్ల ఎన్నొద్దులు తినాలె?" నేను సున్నం అన్న, రంగులన్న, పనోళ్ళు దొరుకుతలేరన్న.

ఆఖరికి ఎవరికీ చెప్పకుండ బస్సెక్కి వచ్చేసిండు. గడప కాడ నిలబడి గోడలన్ని చూసిండు. "సున్నం యాడ ఏసిన్రే?" అన్నడు. మంచం నడిమి గదిలనే ఏయించుకున్నడు. మూడో దినం, పగటి అన్నం తిని ఒరిగినోడు మళ్ళ లేవలే.

మునగాల నుంచి వచ్చిన పెద్దమ్మ దీపం పెట్టింది. ఆమెకు ఏ ముచ్చటా తెల్వదు. బీరువా నీడ గోడ మీద పడ్డది. నడిమి గదిల ఏడో లైట్ మొదటిసారి వచ్చిన పొద్దు తీసిపెట్టుకున్న స్క్రీన్ ఫొటో ఫోన్ల తెరిచి పక్కన పెట్టి చూసిన. అదే నీడ, అదే కాడ.

పని తెలిసినోళ్ళను అడిగితే ఫైల్ పాడైందన్నరు. పాడైన ఫైల్‌కు మేము మంచం జరిపిన సంగతి ఎట్ల తెలుస్తది? నాకు ఇప్పటికీ సమజ్ కాలే. నేను పంపకపోతే నాయిన ముందే పోవునేమో. లేకపోతే నాలుగు నెలలు ఆయన ఇంట్ల ఆయన సుఖంగ ఉండునేమో. అదీ తెల్వదు.

ఇప్పుడు నడిమి గదిల అమ్మ పండుకుంటది. మొన్నటి సంది ఆమెకు ఆయాసం వస్తున్నది. ఆ ఫైల్ ఇంకా ఉన్నది. ఒక్కసారి ఎక్కించి లైట్లు లెక్కపెడ్దామని రోజూ మౌస్ మీద చెయ్యి పెడ్త. మళ్ళ తీసేస్త.