రాదు అనే మాట లేని ఇల్లు

సారమ్మ ఇంట్లో చాలా ఏళ్లుగా ఒక మాట వాడుకలో లేదు. అది 'రాదు' అనే మాట.

వాన మొహం చాటేస్తే "మబ్బు అటు మళ్లింది" అనేది. కాటారం బస్సు ఆ పూట తిరగకపోతే "బస్సుకు పానం మంచిగ లేదట" అనేది. భర్త భాస్కర్ వరికోత మిషన్ డ్రైవరు. కోతల కాలంలో జనగామ దిక్కు పోయి, ఆదివారానికల్లా వస్తానని చెప్పి అక్కడే ఆగిపోతే "నాయినకు ఇంకో పొలం తగిలింది బిడ్డా" అని కూతురికి సర్దిచెప్పేది. ఎవరైనా ఇంట్లోకి వచ్చి, గోడవార బొంత మీద పడుకున్న మనీషాను చూసి "నడక వచ్చిందా?" అని అడిగితే "ఇంకా రాలేదు" అనేది. ఆ 'ఇంకా'ను పట్టుకునే పదకొండేళ్లు నెట్టుకొచ్చింది.

సారమ్మ పుట్టిల్లు నెల్లికుదురు దగ్గర పల్లె. పెళ్లయి, కాటారం అవతల అడవి అంచునున్న ఈ ఊరికి వచ్చింది. మనీషా నెలలు నిండకుండా పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. వరంగల్ దవాఖానలో అద్దాల పెట్టెలో ఉంచి ప్రాణం నిలబెట్టి ఇచ్చారు. మెదడుకు గాలి అందలేదనీ, కాళ్లూ చేతులూ చెప్పినట్టు వినవనీ, చెవులకూ తెలివికీ మాత్రం లోటు లేదనీ డాక్టర్లు చెప్పారు. వాళ్లు చెప్పినవాటిలో సారమ్మ ఇంటికి తెచ్చుకున్నది ఆ చివరి ముక్క ఒక్కటే.

మొదట్లో ఆదివారం ఆదివారం బిడ్డను ఎత్తుకుని ఊరి చర్చికి వెళ్లేది. అక్కడివాళ్లు మంచివాళ్లే. పాట అయిపోయాక అందరూ మనీషా చుట్టూ చేరి, తల మీద చేతులుంచి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవారు. ప్రభువా, ఈ బిడ్డకు నడక రాదు, కూసునుడు రాదు, చేత్తో అన్నం బుక్క పెట్టుకునుడు రాదు, మాట రాదు, నువ్వే కరుణించాలె అని. వాళ్ల గొంతులో నిజంగానే తడి ఉండేది. ఒక ఆదివారం సారమ్మ ఒళ్లోని పిల్ల ఒక్కో 'రాదు'కు కొయ్యలా బిగుసుకోవడం గమనించింది. చెవులకూ తెలివికీ లోటు లేని పిల్ల. వారం వారం ఆ లెక్కంతా వింటూనే ఉంది. ఆ రోజు తర్వాత సారమ్మ ప్రార్థన ఇంట్లోనే చేసుకుంది. ఎందుకు రావడం లేదని కొన్నాళ్లు అడిగారు. ఆ తర్వాత అడగడం మానేశారు.

ఊరు పొద్దున్నే ఖాళీ అయిపోయేది. ఆడవాళ్లు పత్తి ఏరడానికో, మిరప తోటలకో ఆటోల్లో కిక్కిరిసి పోయేవాళ్లు. వాళ్ల నవ్వులు మలుపు దాకా వినిపించి ఆగిపోయేవి. సారమ్మ తునికాకు కాలంలో బీడీ ఆకు తెప్పించుకుని ఇంటి దగ్గరే కట్టలు కట్టేది. మిగతా కాలమంతా ఆమె పని మనీషాయే. తలుపు దగ్గర కూర్చుని రోడ్డు మీద పోయే ప్రతిదాన్నీ కూతురికి చెప్పేది. మేకలు పోతున్నాయని, పోశయ్య పెద్దబాపు కొత్త చెప్పులు వేసుకుని వాటినే చూసుకుంటూ నడుస్తున్నాడని. మనీషా జవాబు చెప్పేది. ఎడమ కన్ను మూస్తే వద్దని. గొంతులోంచి సన్నగా మూలిగితే అవునని. అదే మూలుగు కొస ఎత్తి పలికితే ఎగతాళి, కొస దించితే దుఃఖం. ఆ భాష లోకంలో ఇద్దరికే తెలుసు. భాస్కర్‌కు కూడా సగమే అర్థమయ్యేది. ఫోన్లో కూతురి గొంతు వినిపిస్తే "ఏమంటాంది?" అని సారమ్మనే అడిగేవాడు.

ఆ ఇంటికి బయటినుంచి క్రమం తప్పకుండా వచ్చే మనిషి శకుంతల టీచర్ ఒక్కతే. కాటారంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత సెంటర్‌లో ఆమెకు ఉద్యోగం. సెంటర్ దాకా రాలేని పిల్లల ఇళ్లకు శనివారాలు స్కూటీ మీద తిరిగేది. మనీషా పిడికిళ్లు మెల్లగా విప్పి, వేళ్లు ఒక్కొక్కటే సాగదీసి, బొమ్మల కార్డులు చూపించి, పాఠంలా కాకుండా ముచ్చట్లలా చెప్పేది. తర్వాత సారమ్మ పెట్టిన చాయ్ తాగుతూ కాసేపు కూర్చునేది. తనది జనగామ. కాటారంలో ఒంటరిగా కిరాయి గదిలో ఉండేది. ఇద్దరూ పెద్దగా ఏం మాట్లాడుకునేవాళ్లు కాదు. అయినా స్కూటీ మలుపు తిరిగి వెళ్లిపోయాక ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయినట్టుండేది. ఒక ఎండాకాలం సెలవులకు టీచర్ ఊరెళ్తే, సారమ్మ ఎంత సాగదీసినా మనీషా పిడికిళ్లు బిగుసుకుపోయాయి. గోళ్లు అరచేతిలో దిగి పుండ్లు పడ్డాయి.

మొన్న చలికాలంలో టీచర్ ఒక కబురు తెచ్చింది. పిల్లలకు అందుతున్న సాయం ఎలా ఉందో చూడటానికి జిల్లా నుంచి ఒక మేడం ఇంటింటికీ వస్తోందట. ఏ బిడ్డకు ఏది అవసరమో ఆమే రాసుకుంటుందట. ఆ సమయంలో టీచర్ పక్కన ఉండకూడదట. "ఉన్నది ఉన్నట్టు చెప్పక్కా, ఏం దాచకు" అని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లింది.

సారమ్మకు అది వేరేలా వినిపించింది. పెద్ద మేడం వచ్చేది టీచర్ పని చూడటానికే అనుకుంది. ఇన్నేళ్లు తిరిగి ఈ పిల్లకు ఏం నేర్పావని అడిగితే ఆమె ముఖం చిన్నబోతుందని బాధపడింది. మేడం వచ్చే పొద్దున మనీషాకు నూనె రాసి, రెండు జడలు వేసి, క్రిస్మస్ గౌను తొడిగింది. గోడ మూలకు కూర్చోబెట్టి, అటొక దిండు, ఇటొక దిండు, వీపు వెనక మడిచిన బొంత కుక్కింది. పైన దుప్పటి కప్పేసరికి పిల్ల తనంతట తాను కూర్చున్నట్టే ఉంది.

వచ్చిన మేడం పేరు అరుణ. చెప్పులు బయట విడిచి, కుర్చీ వద్దని చాప మీద కూర్చుంది. అంత మర్యాదగల మనిషి ముందు సారమ్మకు ఇంకా బాగా చెప్పాలనిపించింది. పాప కూర్చుంటుందా అని మేడం అడిగితే, చూస్తున్నారు కద మేడం అంది. అన్నం తింటుందా అంటే తింటది అంది. పక్క తడపకుండా చెప్తుందా అంటే చెప్తది అంది. అన్నీ టీచరమ్మ నేర్పినవే అని ప్రతిదానికీ ఒకసారి చేర్చింది. మేడం మనీషా వైపు జరిగి, నీ పేరేంటి తల్లీ అని అడిగింది. మనీషా ఎడమ కన్ను గట్టిగా మూసి కొస దించి మూలిగింది.

"మనీషా అంటాంది" అంది సారమ్మ.

పిల్ల తల్లి వైపు అదోలా చూసింది.

అరుణ మేడం సంతోషంగా రాసుకుంది. ఇంత బాగా చూసుకుంటున్న తల్లి అరుదని మెచ్చుకుంది. కూర్చోగలిగి, చెప్పగలిగే పిల్లలను ఇంట్లో ఉంచడం మంచిది కాదనీ, నలుగురు పిల్లల్లో కలవాలనీ, ఇక మనీషా సెంటర్‌కే రావచ్చనీ చెప్పింది.

"ఇంక శనివారాలు టీచర్ రాదమ్మా" అంది పుస్తకం మూస్తూ.

ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా వినపడని మాట అంత నెమ్మదిగా, అంత దయగా వినపడింది. మేడం లేచి చెప్పులు తొడుక్కుని దడి దాటుతుంటే అప్పుడు సారమ్మ కాళ్లు కదిలాయి. వెనకాలే పరుగెత్తి, తాను చెప్పింది నిజం కాదని గొంతు తగ్గించి చెప్పింది. ఆటోలో కాటారం దాకా కూర్చుంటే పిల్ల నడుము విరిగిపోతుందనీ, టీచర్ చేతులు పట్టకపోతే పుండ్లు పడతాయనీ అంది.

"అయితే లోపలికి పదమ్మా. చూసి రాయాలె నేను."

"ఈడనే చెప్త మేడం. లోపలైతే బిడ్డ వింటది."

అరుణ మేడం మూసిన పుస్తకం మళ్లీ తెరిచింది. తర్వాత, ఇంట్లో ఒకటి చూసి దడి దగ్గర విన్నది రాస్తే తనను ఎవరూ నమ్మరనీ, దిండ్లు తీసి ఒక్కసారి చూపించమనీ మెల్లగా చెప్పింది.

సారమ్మ మేడంతో లోపలికి వచ్చింది. దుప్పటి తీసింది. కుడివైపు దిండు లాగగానే మనీషా అటు ఒరిగిపోయింది. మోచేత్తో ఆపుకోవాలని చూసింది. ఆ చెయ్యి మాట వినలేదు. సారమ్మ పిల్ల తల దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టి, కూతురి ముఖం చూడకుండా, మేడం పాదాల వైపు చూస్తూ చెప్పింది.

"కూసునుడు రాదు మేడం. బుక్క పెట్టుకునుడు రాదు. పక్క తడిసేదాక చెప్పుడు రాదు. నిలవడుడు రాదు."

"మాట?" అంది మేడం.

సారమ్మ తలెత్తింది. "మాట వస్తది. ఇందాక పేరు చెప్పలే. దిండు గుచ్చుకుంటాంది, తియ్యి అన్నది. నేనే తియ్యలే."

మేడం ఇంతకుముందు రాసినదంతా కొట్టేసి మళ్లీ రాసింది. వెళ్లేముందు మనీషా పక్కన వంగి, ఏమనాలో తోచనట్టు, జడ ఒకటి సరిచేసింది. టీచర్ వస్తుందిలే అని సారమ్మకు చెప్పి వెళ్లింది.

ఆ మధ్యాహ్నం సారమ్మ తలుపు దగ్గర కూర్చుని మేకలు పోతున్నాయని చెప్పింది. జవాబు లేదు. అన్నం కలిపి తెస్తే మనీషా నోరు తెరిచింది, కళ్లు మాత్రం మూసుకుంది. మర్నాడూ అంతే. ఆకలి వేస్తే ఏడ్చేది, తల్లితో మాత్రం కొస ఎత్తిన మూలుగు గానీ దించిన మూలుగు గానీ లేదు. భాస్కర్ ఫోన్ చేస్తే మాత్రం నాయినతో మాట్లాడింది. ఏమంటాంది అని అతను అడిగితే, విన్నది దాచి, మంచిగున్నవా అంటున్నదని సారమ్మ చెప్పి ఫోన్ పెట్టేసింది. ఆ ఇల్లు ఊరివాళ్ల చెవులకు ఎప్పటినుంచో నిశ్శబ్దమే. ఆ వారం సారమ్మ చెవులకు కూడా అలాగే అయింది. చర్చి వదులుకున్నప్పుడు, పత్తి ఆటోలు వదులుకున్నప్పుడు కూడా ఆమెకు ఇంత ఒంటరిగా అనిపించలేదు. అప్పుడు చెప్పుకోవడానికి పిల్ల ఉంది.

శనివారం స్కూటీ వచ్చింది. ఆఫీసులో విషయం తెలిసినట్టుంది, శకుంతల టీచర్ నవ్వుకుంటూనే లోపలికి వచ్చి చాప మీద కూర్చుని, మనీషా పిడికిలి చేతిలోకి తీసుకుంది. అంతే. పిల్ల గొంతు తెరుచుకుంది. ఎత్తుతూ దించుతూ, కన్ను మూస్తూ తెరుస్తూ, పెదవుల మీద చొంగ కారుతున్నా ఆపకుండా సాగదీసింది.

"గింత లొల్లి ఏందక్కా? ఏమంటాంది?" అంది టీచర్ ఆశ్చర్యంగా.

సారమ్మ స్టవ్ దగ్గర చాయ్ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. మీరొచ్చారని సంబరపడుతున్నదని చెప్పేయడం ఎంతసేపు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నా మీద చాడీ చెప్తాంది" అంది.

"ఏమని?"

"మేడం ముందట అమ్మ నన్ను రాదు రాదు అన్నదంటాంది. దిండు గుంజిందట. తను పక్కకు పడితే మేడం చూసిందట. జర సిగ్గయిందట."

మనీషా ఆగింది. తాను చెప్పింది తల్లి సరిగ్గా చెప్పిందో లేదో చూడటానికి, ఆ వారంలో మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది. చూసి, మళ్లీ అందుకుంది. సారమ్మ స్టవ్ ఆపేసి వచ్చి చాప అంచున కూర్చుంది.

"చెప్పు" అంది కూతురితో. "అంత చెప్పు."